అయిదు కిలోల మనవడు

ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. నమ్మరని తెలుసు కాబట్టి ముందే ఒట్టు పెడుతున్నాను, నా కుడిచేతి బొటనవేలి మీద. పొర మీద పొర పరిచిన జీన్స్ గుడ్డలోకి కరెంటు కత్తిని నడిపే కటింగ్ మాస్టరును నేను. మాలాంటోళ్లకు బొటనవేలిని మించిన దేవుడు లేడు. ఇందులో అబద్ధముంటే రేపు పొద్దున ఆ వేలు గుడ్డతో పాటు తెగి ఎవరి ప్యాంటు జేబులోకో చేరిపోనీ.

కన్నడ సీమ అంచున ఉండే కౌల్ బజార్‌లో మా సందు మొత్తానికి నేను మామను, అందరికీ తెలిసినవాణ్ణే. పనితనం వల్ల కొంత, నోటి వల్ల ఎక్కువ. తారానగర్ గుట్టల్లో ఎలుగుబంటి నా దగ్గర బీడీ అడిగి తాగిన సంగతి, కుడతిని కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం మీద మా మేనమామ చొక్కా ఆరేసుకున్న సంగతి చెప్తుంటే టీ అంగడి కాడ గ్లాసులు చల్లారిపోతాయి. ఎవరూ నమ్మరు. నమ్మాలని నేనూ చెప్పను. నా కతలకు ఒకటే గుణం, ఏ ఒక్కటీ నిజమయ్యే ప్రమాదం లేదు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్లూ నోటికి తాళం లేకుండా బతికాను.

నా బిడ్డ ఏడో నెల పడంగానే కాన్పుకు ఇంటికొచ్చింది. మొదటి కాన్పు. అల్లుడు కుడతిని ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. వాళ్లది సిరుగుప్ప దిక్కు కాలువ కింద వరి పండించే క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మేమేమో తరతరాలుగా ఈడనే ఉండి జొన్నలు తిని పెరిగినోళ్లం. వాళ్లింటికి పిల్లనిస్తున్నప్పుడు మా ఆడామె సంతోషమంతా ఒక్క మాటలో చెప్పింది, నా బిడ్డ తెల్లన్నం ఇంటికి పోతాంది అని.

మనిషిని చూస్తూనే నడుం కొలత చెప్పే కన్ను నాది. బిడ్డ ఆటో దిగుతుంటే చూశాను. ఏడో నెలకు ఉండాల్సిన కొలత కాదది. ఇంకేం, టీ అంగడి కాడ మొదలుపెట్టాను. నా మనవడు అయిదు కిలోలుంటాడు, పుట్టంగానే నర్సమ్మతో చేయి కలుపుతాడు, ఉయ్యాలకు తాడు ఆగదని లారీ షెడ్డులో గొలుసు చెప్పి వచ్చినా అని. సందంతా నవ్వింది. కుళాయి కాడ ఆడోళ్లు బిడ్డ కడుపు చూసి, మామ ఈసారి నిజమే చెప్పినాడేమో అనుకున్నారంట.

నిజమే చెప్పాను. నా ప్రాణం మీదికి వచ్చింది కూడా అదే.

ఆసుపత్రిలో గ్లూకోజు నీళ్లు తాపించి రక్తం తీశారు. ఫలితం చూసి డాక్టరమ్మ బిడ్డకు షుగర్ ఉందని చెప్పింది. నేను నవ్వాను. నవ్వక ఏం చేయాలి. నా బిడ్డ కట్టెపుల్ల మాదిరి మనిషి, టీలో కూడా చక్కెర వేసుకోదు. ఈమె ఎవరిదో చీటీ చూసి చెప్తోందనుకున్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. కన్నడంలో కొంత, తెలుగులో కొంత ఓపిగ్గా చెప్పింది. కడుపులో బిడ్డను సాకే మాయ నుంచి వచ్చే కొన్ని రసాలు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయంట. చానామంది ఒళ్లు తట్టుకుంటుంది, కొందరిది తట్టుకోదు. ఇందులో పిల్ల చేసిన తప్పేం లేదని రెండుసార్లు అన్నది. ఆ మాట మా బిడ్డ కోసం అన్నదో, మా మొహాలు చూసి అన్నదో తెలియదు.

ఇంట్లో అమ్మకు గానీ నాయనకు గానీ షుగర్ ఉందా అని అడిగింది. నేను రొమ్ము ముందుకు పెట్టి, మా వంశంలోనే లేదు మేడమ్ అన్నాను. ఎప్పుడన్నా పరీక్ష చేయించుకున్నారా అన్నది. రోగం లేనోనికి పరీక్ష ఎందుకన్నాను. ఆమె నా దిక్కు ఒకసారి చూసి, పిల్ల ఏం తింటుందో చెప్పమన్నది.

మా ఆడామె లేచి నిలబడినంత పని చేసి గొప్పగా చెప్పింది. పొద్దున ఇడ్లీలు, ఆ తర్వాత బెల్లమేసి రాగి జావ, మధ్యాహ్నం సోనా బియ్యం అన్నం, సాయంత్రం బొరుగులతో ఉగ్గాని, రాత్రికి మళ్లీ మెత్తగా అన్నం. మెచ్చుకుంటుందని చూస్తున్నాం. డాక్టరమ్మ తల పట్టుకోలేదు గానీ పెన్ను కింద పెట్టింది. చక్కెర ఎంతుందనేది ఒక్కటే కాదు, తిన్నది ఎంత జోరుగా రక్తంలోకి దిగుతుందనేది చూడాల అన్నది. తెల్లన్నం, ఇడ్లీ, బొరుగులు తీపిగా ఉండకపోయినా కడుపులో పడంగానే చక్కెరై పరిగెత్తుతాయి. రాగి మంచిదే, కానీ మెత్తగా పిండి పట్టించి పలచగా జావ కాస్తే అది కూడా అదే పరుగు. పైన బెల్లం.

నేను గుడ్డ మనిషిని కాబట్టి నాకు గుడ్డలాగే అర్థమైంది. తెల్లన్నం పలచని మల్లుగుడ్డ, కడుపు దాన్ని చరచరా చింపేస్తుంది. జొన్నరొట్టె, పెసలు, అలసందలు, మెంతాకు పల్య లాంటి కూరలు ఇవన్నీ జీన్స్ గుడ్డ. నిదానంగా చింపాల. అట్లా నిదానంగా దిగేవి, కొంచెం కొంచెంగా, పొద్దు పొద్దుకూ పెట్టమన్నది. పస్తు పెట్టొద్దన్నది. తిన్నాక కాసేపు నడిపించమన్నది. రెండు వారాల్లో దారికి రాకపోతే ఇన్సులిన్ సూది ఇస్తాం, దానికి భయపడాల్సింది లేదు, కొందరికి తిండి ఒక్కటే చాలదు అన్నది.

అంతవరకూ బాగానే విన్నాను. అప్పుడు స్కానింగ్ కాగితం తిప్పింది.

"బిడ్డ నెలలకు మించి పెరుగుతాండాది. ఇట్లే పోతే చానా పెద్దదవుతుంది."

మా ఆడామె మొహం వెలిగింది. నాది ఇంకా వెలిగింది. డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సంతోషపడే సంగతి కాదన్నది. తల్లి చక్కెర బిడ్డకూ పోతుంది. బిడ్డ దాన్ని అరిగించుకోను తన ఇన్సులిన్ తానే ఎక్కువ చేసుకుని, కొవ్వు పట్టి లావవుతుంది. కాన్పులో తల బయటికొచ్చినా భుజాలు ఇరుక్కోవచ్చు. పుట్టినాక తల్లి నుంచి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం ఆగదు, అప్పుడు ఆ పసిదాని ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇన్నేళ్లలో నేను చెప్పిన ఒక్క కతా నిజం కాలేదు. ఎలుగుబంటి రాలేదు, చొక్కా ఆరలేదు. ఇప్పుడు చూస్తే నేను టీ అంగడి కాడ పుట్టించిన ఆ అయిదు కిలోలవాడు నా బిడ్డ కడుపులో నిజంగానే పెరుగుతున్నాడు. ఆటోలో వస్తున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆటో అతను, ఏం మామా, గొంతు పోయిందా అని అడిగాడు.

ఇంటికి రాంగానే జొన్నపిండి తీయమన్నాను. మా ఆడామె తీయలేదు. గడప మీద కూర్చుని, ఎదురుగా ఉన్న గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నా కాన్పుకు మా అమ్మింట్లో జొన్నరొట్టె తప్ప ఇంగొకటి లేదు. బియ్యం కళ్ళజూడాలంటే పండగ రావాల. నా బిడ్డ కడుపుతో ఇంటికొస్తే కడుపునిండా తెల్లన్నం పెట్టాలని ఆపొద్దే అనుకున్యా. ఇప్పుడు నువ్వు నన్ను రొట్టె తట్టమంటాండావు."

బిడ్డే లోపల నుంచి వచ్చి పిండి డబ్బా తీసి అమ్మ ముందు పెట్టింది. ఆ పూట రొట్టెలు తట్టిన చప్పుడు ఎవరినో కొడుతున్నట్టు వినపడింది.

ఇల్లు దారికొచ్చినా సందు దారికి రాలేదు. కడుపుతో ఉన్న ఆడబిడ్డ పుట్టింటికొస్తే మా సందులో వంతులేసుకుని పెడతారు. ఒకరింటి నుంచి బెల్లం పూర్ణం ఓళిగలు, ఒకరింటి నుంచి పాయసం, ఇంకొకరు చిత్రాన్నం. తట్ట వద్దని వెనక్కి పంపితే కడుపులో బిడ్డకు కీడంటారు. ముందరే పెట్టుకుని తిన్నదాకా పోరు. సరే, ఉన్నది ఉన్నట్టు చెప్దామని నేనే బయలుదేరాను. కుళాయి కాడ నిలబడి, అమ్మల్లారా, తెల్లన్నం తింటే నా బిడ్డకు చక్కెర ఎక్కువవుతాంది, లోపల బిడ్డ మరీ పెద్దదవుతాంది, పెద్దదైతే ప్రమాదం అంట, దయచేసి ఏమీ తేవద్దండి అన్నాను.

సందు సందంతా కడుపు పట్టుకుని నవ్వింది. అన్నం తింటే చక్కెర, బిడ్డ పెద్దదైతే ప్రమాదం, ఇట్లాంటివి యాడ నుంచి పుట్టిస్తావు మామా అని ఒకామె కళ్లనీళ్లు తుడుచుకుంది. పక్కింటి భాభీ బిందె దించి, "క్యా మామూ, ఇది ఎలుగుబంటి కంటే పెద్దగుండాది" అన్నది. సాయంత్రానికి ఆమె ఇంటి నుంచే తియ్యని సేమ్యాల షీర్ కుర్మా వచ్చింది, గిన్నె నిండా.

పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి నిజం చెప్తే ఊరు దాన్ని కతల్లో కలిపేసుకుంది.

ఆ వారంలోనే వియ్యపురాలు వచ్చింది, సూడిదలతో. చలిమిడి, అరిసెలు, వాళ్ల పొలంలో పండిన పాత సోనా బియ్యం మూట. అల్లుడు ముందే ఫోనులో చెప్పాడంట, అయినా మూట దించుకుంది. నేను మెల్లగా విషయమెత్తాను. ఆమె కోపగించుకోలేదు. కొంగుతో మూట మీది దుమ్ము తుడిచి అన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"మా చేలో పండిన బియ్యం మా కోడలికే పడకపోతే, ఇంక ఎవరి కోసం పండిస్తున్నామండి అన్నయ్యగారూ?"

తర్వాత ఆమే ఒక దారి కనిపెట్టింది. అన్నం గంజి వార్చి పెడతాను, చక్కెరంతా గంజిలో పోద్ది అన్నది. నాలుగు రోజులు ఉండి తనే వండుతానని వంటింట్లోకి దూరింది. బిడ్డ రోజూ వేలు పొడుచుకుని చిన్న మిషన్‌లో చూసుకుంటుంది. మధ్యాహ్నం కొంచెం ఎక్కువొచ్చింది. సాయంత్రం చూస్తే ఇంకా ఎక్కువ. మరుసటి రోజూ అంతే. మా ఆడామె, వియ్యపురాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అన్నం తగ్గింది, గంజి వార్చినారు, మరి సాయంత్రం ఎక్కడి నుంచి వస్తోంది చక్కెర?

గంజిలోంచే వస్తోంది. వార్చిన గంజి పారబోయడానికి మా వియ్యపురాలికి చేతులు రాలేదు. బలమంతా అందులోనే ఉంటుంది కదాని ఉప్పేసి, మజ్జిగ కలిపి, చెంబు నిండా సాయంత్రం కోడలికే తాపిస్తోంది. ఎవరికీ దాచలేదు కూడా, నా ముందరే తాపించింది. అన్నంలోంచి చక్కెర తీసి, బలం పేరుతో మళ్లీ ఆ కడుపులోకే పోసిన ఆ చెంబును చూసి నేను గోడకు చేరగిలబడ్డాను.

ఆమె నమ్మలేదు. మిషన్ చెడిపోయిందన్నది. అయితే అందరం చూసుకుందామన్నాను. మా ఆడామె వేలు పొడిపించుకుంది, బాగానే ఉంది. వియ్యపురాలిది ఉండాల్సిన గీతకు కొంచెం పైన ఉంది. నాది మాత్రం పెండ్లికొడుకు మాదిరి ఉంది, ఎంత ఉండాల్నో అంతే. మిషన్‌లో తప్పేం లేదని తేలిపోయింది.

ఆరోజు బిడ్డ మిషన్ డబ్బాలో పెడుతూ తల ఎత్తకుండా అడిగింది. "నాయనా, నేను ఏం తిన్నా లోపలిదానికి దెబ్బేనా?" పెండ్లైన బిడ్డ, చిన్నప్పుడు చెప్పు తెగితే అడిగిన గొంతుతో అడిగింది. రెండు వారాల్లో సగం అప్పుడే అయిపోయింది. నాకు కోపం రాలేదు, భయమేసింది. నిజం చెప్పి చూశాను, ఎవరికీ పట్టలేదు. ఇంక నా చేతనైన పనే చేయాల అనుకున్నాను.

కడుపుతో ఉన్న ఆడమనిషికి పుట్టే కోరికను మా దిక్కు కన్నడంలో బయకె అంటారు. ఆ బయకె తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని ఇటు కన్నడమోళ్లకూ నమ్మకమే, మాకూ నమ్మకమే. మరుసటి రోజు పొద్దున్నే కుళాయి కాడికి పోయి, మొహం వేలాడేసుకుని చెప్పాను. బిడ్డకు బయకె పుట్టింది, నిద్రలో కలవరిస్తాంది, పైకి చెప్పుకోను సిగ్గు పడతాంది. జొన్నరొట్టె కావాలంట. దాంతో మెంతాకు పల్య, మొలకెత్తిన పెసలు, వెర్రినువ్వుల గురెళ్ల పొడి. తెల్లన్నం వాసన చూస్తే కడుపులో బిడ్డ మొహం తిప్పుకుంటాంది, నేను చేయి పెట్టి చూసినా.

ఎవరూ నవ్వలేదు. భాభీ బిందె అక్కడే వదిలేసి ఇంటికి పోయింది. గంట తిరగకుండా మా ఇంట్లో రొట్టెలు. మధ్యాహ్నానికి అలసంద గుగ్గిళ్లు, చిక్కుడుకాయ పల్య, పెసరపప్పు నానేసి కలిపిన దోసకాయ కోసంబరి. నేను రొట్టెలు కావాలంటే ఏందో కూలోళ్ల తిండి అనేటోళ్లు, బయకె అనేసరికి నా రొట్టె మెత్తగుంటుంది అంటే నాది మెత్తగుంటుందని పోటీ. వియ్యపురాలు కంటతడి పెట్టుకుంది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా అన్నయ్యగారూ. పిల్ల నోరు తెరిచి అడిగాక పెట్టకుండా ఉంటామా?" అని, పుట్టినాక ఎన్నడూ రొట్టె తట్టని మనిషి మా ఆడామె పక్కన కూర్చుని తట్టడం నేర్చుకుంది. ఆమె మొదటి రొట్టె ఆంధ్రా పటం మాదిరి వచ్చింది. బిడ్డ దాన్నే అడిగి తీసుకుంది.

ఒక్క నా బిడ్డ మాత్రం, అందరూ పోయినాక, నా చెవిలో అన్నది. "నాకు ఇష్టమైంది ఏదన్నా కోరొచ్చు గదా నాయనా." చిన్నప్పటి నుంచి దానికి జొన్నరొట్టె అంటే గిట్టదు.

రొట్టె కూడా కుప్పలుగా తినేది కాదు. దాన్లో కూడా చక్కెర ఉంటుంది, నిదానంగా దిగుతుంది అంతే. ముందు కూర, పప్పు, తర్వాత రొట్టె కొంచెం అన్నది డాక్టరమ్మ. కాబట్టి మిగిలిన రొట్టెలన్నీ మా కుట్టు షెడ్డుకు పోయాయి. ఆ నెలంతా ప్యాంట్లు కుట్టేవాళ్లు తమకు జీతం నేనే ఇస్తున్నట్టు నన్ను చూసేవాళ్లు.

గడువు రోజున ఆసుపత్రిలో డాక్టరమ్మ చీటీ చూసింది. దారికొచ్చింది, ఇట్లే పోనీ అన్నది. అంతే. అంత చిన్న మాటకు, నాలుగు రోజులకని వచ్చి పోకుండా ఉండిపోయిన వియ్యపురాలు బెంచీ మీదనే కూలబడింది. ఆ తర్వాత స్కానింగ్‌లో బిడ్డ పెరుగుదల కూడా నెలలకు తగ్గట్టు సర్దుకుంటోందన్నారు.

కాన్పు మామూలుగానే అయింది. మనవడు కాదు, మనవరాలు. బరువు మూడు కిలోలు, అందరి పిల్లల మాదిరే. నర్సమ్మతో చేయి కలపలేదు. పుట్టంగానే ఆ గింజంత మడమకు సూది పొడిచి చక్కెర చూశారు. బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేలోపల నర్సమ్మ, బాగుండాది అన్నది. సందులో జనం మాత్రం దిగులుపడ్డారు. అయిదు కిలోలంటివే మామా, ఇదేంది ఇంత చిన్నగుండాది అని నిలదీశారు. జీవితంలో మొదటిసారి, నా కత అబద్ధమైనందుకు దుర్గమ్మకు టెంకాయ కొట్టాను.

ఇంక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. షీర్ కుర్మా నిజం, గంజి చెంబు నిజం, ఆంధ్రా పటం రొట్టె నిజం. ఎలుగుబంటి సంగతి కావాలంటే మీ ఇష్టం. ఇందులో నేను కల్పించింది ఒకటే, మిషన్‌లో నా అంకె. పెండ్లికొడుకు మాదిరి ఉందని రాశాను కదా. లేదు. అందరిలోకి అదే ఎక్కువ. వియ్యపురాలు నా వేలు తుడిచి పక్క వేలు కూడా పొడిచి చూసింది, అదీ అంతే. మా వంశంలోనే లేదు మేడమ్ అని రొమ్ము విరుచుకుని అన్నానే, అబద్ధమని తెలియకుండా నేను చెప్పిన ఒకే ఒక అబద్ధం అది. మా బిడ్డకు ఆ కట్టె ఒంట్లో షుగర్ యాడ నుంచి వచ్చిందని ఆటోలో మూగగా కూర్చున్నానే, అది నా ఒంట్లోనే కూర్చుని ఉంది.

ఆ అంకె చూసిన పూట నుంచి బిడ్డ తన తట్టలో రొట్టె పెట్టుకునేటప్పుడు నా తట్టలోనూ పెడుతోంది. కాన్పైన కొన్ని వారాలకు తను మళ్లీ పరీక్ష చేయించుకోవాల, తర్వాత అప్పుడప్పుడూ చూసుకుంటూనే ఉండాల అని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరం కలిసే పోతాం.

బొటనవేలి గురించి మీరు దిగులుపడొద్దు, భద్రంగా ఉంది. ఒట్టు పెట్టింది దాని మీద. అబద్ధానికి రోజూ మిషన్ కాడ సూది పోటు తింటున్నది ఉంగరపు వేలు.